ఖాళీ గదిలో ఇరవై నిమిషాలు

నేను "డార్క్ తీస్తున్నా" అని అరిచాను. వాచ్‌మన్ మస్తాన్‌కి "డోర్ తీస్తున్నా" అని వినబడింది. ఇంజనీరు గారికి శ్రమ ఎందుకనుకున్నాడో ఏమో, తనే పరుగున వెళ్లి ల్యాబు తలుపు బార్లా తీసి, సెల్యూట్ కొట్టి పక్కన నిలబడ్డాడు. లోపల మా కెమెరా అప్పటికి పధ్నాలుగు నిమిషాలుగా బుద్ధిగా చీకటి చూసుకుంటోంది. పదిహేనో నిమిషంలో దానికి సూర్యోదయమైంది. ఆ పూట పని మొత్తం చెడిపోయి మళ్లీ మొదటికొచ్చింది.

మా ల్యాబు పెద్ద డాక్టర్ అంబుజాక్షి మేడం గొంతు ఎత్తకుండా తిట్టగల మనిషి. నేను గొంతు ఎత్తకుండా నమస్కారం కూడా పెట్టలేను. ఆవిడ నన్నూ మస్తాన్‌నీ చెరి సగం తిట్టి, మరునాడే తలుపుకి లోపలా బయటా ఎర్రదీపాలు పెట్టించింది. కంట్రోల్ రూములో నేనొక మీట నొక్కితే దీపాలు రెండూ వెలుగుతాయి. గదిలోని గాలిని బయటికి లాగే ఫ్యాను ఆగుతుంది, ఎందుకంటే ఫ్యాను వణుకు కెమెరాకి పడదు. దీపం ఆరేదాకా తలుపు ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఉద్యోగం ఉండదు.

ఆ రూలుని గుండ్రటి అక్షరాలతో అట్ట మీద రాసి తలుపుకి అంటించినవాడు దొరస్వామి. కెమెరాని చల్లబరిచే ద్రవ నైట్రోజన్ పోసే టెక్నీషియన్. 'ఎర్రదీపం ఉండగా తలుపు ముట్టరాదు' అని బయట ఒకటి, లోపల ఒకటి అంటించాడు. లోపల ఎవరు చదువుతారయ్యా అని నేనంటే, రూలన్నాక రెండు పక్కలా ఉండాల కదా సార్ అన్నాడు. అప్పట్నుంచీ అతన్ని డోర్‌స్వామి అని పిలిచాను. అతను ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు. నా జోకులకి మొహమాటం లేకుండా నవ్విన మనిషి ఆ కొండ మీద అతనొక్కడే.

ఏడాది తిరక్కుండా ఆ తలుపు వెనకే చనిపోయాడు.

*

మా పని గాలి వదిలించడం. ఈ మాట పెళ్లిచూపుల్లో చెప్పి ఒక సంబంధం పోగొట్టుకున్నాను గాని, నిజంగా అదే పని. కొత్తగా కడుతున్న రాక్షసి టెలిస్కోపుల్లో ఒక్కో అద్దం కల్యాణమండపమంత ఉంటుంది. అంత అద్దం పెట్టి ఏం లాభం? నక్షత్రం వెలుగు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా ప్రయాణం చేసి, ఆఖరి పది మైళ్లలో మన గాలి తగిలి వణికిపోతుంది. మనిషికైతే గాలి సోకిందని వేపమండ అందుకుంటారు. వెలుగుకి సోకితే మేం ఇంకో అద్దం అందుకుంటాం. పల్చటి అద్దం, వెనక నుంచి వందల వేళ్లు దాన్ని ఒత్తుతూ ఉంటాయి. వెలుగు ఎటు వణికితే అది దానికి ఎదురు వణికి, చెదిరిన నక్షత్రాన్ని మళ్లీ చుక్కగా నిలబెడుతుంది. ఎటు వణకాలో చెప్పడానికి దానికొక కన్ను కావాలి. ధూళి చాటున దాగిన నక్షత్రాలు పరారుణ కాంతిలోనే బయటపడతాయి గనక ఆ కన్ను పరారుణాన్ని చూడాలి. గాలి ఒళ్లు విరుచుకునేలోపు వెయ్యిసార్లు చూడాలి.

మదనపల్లె దాటాక ఒక బోడికొండ మీద, తొమ్మిదేళ్లు కష్టపడి మేం చేసిన కన్ను పేరు రెప్ప. రెప్ప అని పేరేగాని అది రెప్ప వేయదు. సెకనుకి ఇరవై వేల బొమ్మలు తీస్తుంది. గదిలో మనిషి ఒంటి వేడిమి కూడా దానికి దీపంలా కనబడుతుంది.

అందులో కొత్త సంగతి వేగం కాదు. మిగతా కెమెరాలకి ఖాళీ అంటే ఏమిటో ఒక్కసారి, ఒక్క బొమ్మలో చూపిస్తారు. ఆ ఖాళీని తర్వాతి బొమ్మలన్నిట్లోంచీ తీసేసి, మిగిలిందే నిజం అనుకుంటాయవి. మా రెప్పకి ఖాళీ గదిని ఇరవై నిమిషాలు చూపిస్తాం. గోడ వేడి ఎలా మారుతుందో, ఊరికే ఉన్న గాలి ఎటు పొర్లుతుందో, ఆ ఇరవై నిమిషాలూ వరసగా కంఠస్థం పట్టేస్తుంది. తర్వాత ఏది చూసినా ఆ పాఠాన్ని మొదట్నుంచి చివరిదాకా అప్పజెబుతూ తీసేస్తుంది. అయిపోతే మళ్లీ మొదట్నుంచి. అందుకే గాలి తర్వాతి అడుగు ఎక్కడ వేస్తుందో అద్దానికి ముందే చెప్పగలదు. ఆ ఇరవై నిమిషాల పాఠం పేరే డార్క్.

దొరస్వామి పోయాక ల్యాబుకి ఏడు నెలలు తాళం పడింది. తాళం తీసిన సోమవారం నాటికి మాకు మిగిలింది నాలుగు రోజులు. సముద్రాల అవతల ఒక కొండ మీద టెలిస్కోపు ఎదురుచూస్తోంది. శుక్రవారం రెప్పని పెట్టెలో పెట్టి పంపాలి. నైట్రోజన్ పోయడానికి బెంగుళూరు నుంచి కొత్త మనిషిని రప్పించి, పొద్దున పదకొండుకి కెమెరా వేశాం. గది ఆ చివర ఉత్తుత్తి నక్షత్రం ఒకటి వెలిగించాం, సూదిమొనంత లైటు. కంట్రోల్ రూములో మేడం, నేను. టీ తెచ్చిన మస్తాన్ గుమ్మంలో.

తెర మీద చుక్క నిలబడింది. మేడం చప్పుడు కాకుండా ఊపిరి వదిలింది.

తర్వాత, చుక్కకి ఎడమ పక్కన, గోడని ఆనుకుని ఒక మనిషి ఉన్నాడు.

మా తెర మీద వెచ్చటిది తెల్లగా, చల్లటిది నల్లగా కనబడుతుంది. గదిలోకి బల్లి వచ్చినా బూడిదరంగులో మెరుస్తుంది. మనిషైతే పెట్రోమాక్స్ లైటులా వెలిగిపోవాలి. ఇతను నల్లగా ఉన్నాడు. గోడ కంటే నల్లగా. అంటే గోడ కంటే చల్లగా. చేతులు కట్టుకుని నిలబడి, ఉండుండి ఒక కాలెత్తి రెండో కాలి పిక్కని పాదంతో రుద్దుకుంటున్నాడు.

దొరస్వామి ఎక్కడ నిలబడ్డా చేసే పని అది. నేను దాని మీద కూడా జోకులు వేశాను. కొంగ అని.

మస్తాన్ టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, కొండ దిగి వెళ్లిపోయాడు. మూడు కిలోమీటర్లు. సైకిలు ఇక్కడే వదిలేశాడు.

*

నేను లోపలికి వెళ్లాను. దీపం వెలగడం లేదు, ఫ్యాను తిరుగుతోంది, గది ఖాళీ. అతను నిలబడ్డ చోట నేను నిలబడ్డాను. కంట్రోల్ రూము నుంచి మేడం స్పీకర్లో, నువ్వు తెల్లగా కనబడుతున్నావు, అతను నీలోంచి నల్లగా కనబడుతున్నాడు అని చెప్పింది. ఆవిడ గొంతు ఎప్పట్లాగే ఉంది. 

బయటికొచ్చి, కొత్త మనిషి చేత కెమెరాని స్టాండు మీదే పైకి తిప్పించాను. ఇప్పుడది గది కప్పుని చూస్తోంది. తెర మీద దొరస్వామి కప్పు మీద నిలబడి పిక్క రుద్దుకున్నాడు.

దయ్యమైతే గదిలో ఉండాలి. ఇతను కెమెరాలో ఉన్నాడు. కెమెరా ఎటు చూస్తే అటు వస్తున్నాడు. ఇరవై నిమిషాలు దాటగానే గోడ దగ్గర మళ్లీ మొదట్నుంచి మొదలయ్యాడు. అప్పుడు డార్క్ ఫైలు మీద తారీఖు చూశాను. ఏడు నెలల కిందటి బుధవారం. పదకొండు గంటల నలభై నిమిషాలు.

నేనే నొక్కాను ఆ మీట.

మేడం నా భుజం మీంచి ఆ తారీఖు చదివింది. గదిలో మనిషి ఉండగా తీసిన డార్క్ అది. మా రెప్ప అతన్ని ఖాళీలో భాగమనుకుని నేర్చుకుంది. అందుకని చూసిన ప్రతి చోటు నుంచీ అతని ఒంటి వేడిని శ్రద్ధగా తీసేస్తోంది, తీసేసిన చోట మనిషంత చల్లదనం మిగులుతోంది. దీన్నంతా నేను నోరు తెరిచి చెప్పనక్కరలేదు, మేడం నాకంటే ముందే అర్థం చేసుకుంది. గదిలో ఆక్సిజన్ ఎంతుందో చూసే మీటరు ఆ వారం రిపేరుకి వెళ్లింది. అది లేకపోయినా పని ఆపొద్దని సంతకం పెట్టింది ఆవిడే. ఆవిడ తెర వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది.

"రేపు కొత్త డార్క్ తీసెయ్ గుణశేఖర్. పాతది దానంతటదే చెరిగిపోతుంది."

అంతే. ఒక్క మీట. ఇరవై నిమిషాల్లో దొరస్వామీ ఉండడు, నేను చేసిందీ ఉండదు.

*

నేను చేసిందేమిటంటే ఇది.

మా ల్యాబులోకి చెప్పులతో వెళ్లకూడదు. తలుపు పక్కన చిన్న చెక్క స్టాండు ఉంటుంది. లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు అక్కడ విడుస్తారు. రిజిస్టరు ఒకటి ఉంది గాని దాన్ని ఎవరూ చూడరు. మీట నొక్కేముందు స్టాండు వైపు తొంగిచూడటమే మా పద్ధతి. ఎన్ని జతలుంటే లోపల అంతమంది. స్టాండు ఖాళీగా ఉంటే గది ఖాళీ.

ఆ బుధవారం పొద్దున గేటు దగ్గర నా చెప్పు తెగింది. అక్కడే చెత్తడబ్బాలో పడేసి, ఉత్త కాళ్లతో పనిచేసుకుంటున్నాను. పదకొండుకి క్యాంటీనుకి బయల్దేరితే దారంతా ఎండకి కాలిన గచ్చు. ల్యాబు స్టాండు మీద దొరస్వామి చెప్పులున్నాయి, నీలం పట్టీల రబ్బరు చెప్పులు. లోపల నైట్రోజన్ పోస్తున్నాడు. ఐదు నిమిషాల్లో వస్తాను కదా అని వేసుకుపోయాను. మా కొండ మీద ఎవరి చెప్పులు ఎవరైనా వేసుకుపోతారు, అదేం నేరం కాదు.

ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. క్యాంటీన్లో నేను నోరు తెరిస్తే అంతే. అక్కడి టీ గ్లాసుని టీ-లిస్కోపు అంటాననీ, అందులో చూస్తే నెలాఖరు కూడా దగ్గరగా కనబడుతుందనీ ఏవేవో వాగాను. అందరూ నవ్వారు. తిరిగొచ్చి కంట్రోల్ రూములో కూర్చుని చెప్పులు బల్ల కిందికి తన్నాను. కాళ్లకి ఉన్నవి ఎవరివో నాకు గుర్తే లేదు. కారిడార్లోకి తొంగిచూశాను. స్టాండు ఖాళీ. నొక్కాను.

ఫ్యాను ఆగాక ద్రవ నైట్రోజన్ ఆవిరైతే గదిలో ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది. దానికి వాసన లేదు. ఊపిరాడటం లేదన్న కబురు కూడా ఒంటికి తెలియనివ్వదు. మగతగా ఉంటుంది, కాసేపు కూర్చుందామనిపిస్తుంది. దీపం ఆరాక కూడా నేను ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ గంట గడిపాను. లోపలికి వెళ్లి చూసి, అరిచి, అందర్నీ పిలిచి, అతన్ని మోసుకెళ్లాక, మనుషులెవరూ లేని ఆ కారిడార్లో నా ఉత్త కాళ్లు చూసుకున్నాను. మళ్లీ కంట్రోల్ రూములోకి వెళ్లి చెప్పులు తెచ్చి స్టాండు మీద పెట్టాను.

కమిటీ వచ్చింది. నా లెక్కలో కమ్-టీ. వచ్చారు, టీ తాగారు. మీట నొక్కేటప్పుడు బయట చెప్పులున్నాయా అని అడిగారు. లేవన్నాను. అది నిజం. తర్వాత ఉన్నాయా అన్నారు. ఉన్నాయన్నాను. అదీ నిజమే. రెండు నిజాలు కలిపి వాళ్లొక అబద్ధం రాసుకున్నారు: ఎర్రదీపం వెలిగాక దొరస్వామి రూలు తప్పి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. విచారణ ముగిసింది, విచారం ఆ ఇంటికి వెళ్లింది. చెప్పు అన్న మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి. ఏడు నెలలు నేను ఒకదాన్ని దాచి, రెండోది చేయలేదు.

*

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి దొరస్వామి భార్య రెడ్డెమ్మ కొండెక్కి వచ్చింది. మదనపల్లెలో పట్టు రీలింగు షెడ్డులో పనిచేస్తుంది. వేణ్ణీళ్లలో పట్టుగూళ్లు తిప్పి దారం లాగే చేతులు, వేళ్ల కొసలు ఉడికినట్టు తెల్లగా ఉన్నాయి. మస్తాన్ చెప్పినాడు అంది. ఏం చెప్పాడని నేనడగలేదు. లోపల కొత్త మనిషి కెమెరాకి నైట్రోజన్ పోసి బయటికొచ్చాడు. గది ఖాళీ చేసి పెట్టాం, ఇక నేను మీట నొక్కడమే మిగిలింది. ఒక్క అరగంట కూర్చోమ్మా, చిన్న పని ఉంది అన్నాను. ఆవిడ తన చెప్పులు స్టాండు మీద విడిచి, దాని పక్కనే నేల మీద కూర్చుంది.

నేను కంట్రోల్ రూములో మీట మీద వేలు పెట్టి స్టాండు వైపు తొంగిచూశాను. స్టాండు మీద ఒక జత ఉంది. మనిషి మాత్రం బయటే ఉంది.

వేలు తీసేశాను. ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక, మీ ఆయన గురించి ఏమైనా అడగాలా అన్నాను. ఏడు నెలలుగా ఎవరో ఆ ప్రశ్న అడుగుతారని కాచుకున్నట్టు తలెత్తింది.

"ఒకటే సార్. ఆ తలుపుకి లోపల గడియ లేదంట కదా. తోస్తే వస్తాదంట. మరి ఎందుకు తోయలేదు?"

నేను తలుపు వైపు చూశాను.

"మా వీధిలో అంటా ఉండారు. గ్యాసు ఉండే రూములోకి తనే పొయ్యి తలుపేసుకున్నాడంటే ఏమనుకోవాల అని. ఇంట్లో ఏం జరిగిందో అని. నా మొగం మిందనే అంటారు. ఏమీ జరగలేదు సార్. ఆ పొద్దు చింతచిగురు పప్పు చేసినా, మధ్యాన్నానికి కట్టించుకుని వచ్చినాడు. అయినా ఒక్కోసారి నాకే అనుమానం. నేనేమన్నా అన్నానా అని. గూళ్లు తిప్పేటప్పుడల్లా అదే తిరుగుతాది."

కంట్రోల్ రూములో ఆవిడకి నా కుర్చీ వేశాను. మేడం అప్పుడే వచ్చింది. ఏం చేస్తున్నావని అడిగింది. డార్క్ చూపిస్తున్నానన్నాను.  ఆవిడ ఫోనెత్తి, ఎవరితోనో శుక్రవారం కుదరదని చెప్పి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

ఫైలుని నేరుగా ఆడించాను. తీసివేతలు లేకుండా, రెప్ప ఆ రోజు చూసింది చూసినట్టు. అందులో దొరస్వామి నల్లగా లేడు. తెల్లగా ఉన్నాడు. నిలువెల్లా వెచ్చగా వెలుగుతున్నాడు. ముక్కు దగ్గర ఊపిరి చిన్న పొగలా వచ్చి పోతోంది. రెడ్డెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మొదటి సెకను నుంచీ ఉన్నాడు. దీపం వెలగగానే తలెత్తి దాన్ని చూసి, చేతిలోని పాత్ర చప్పుడు కాకుండా కింద పెట్టి, కెమెరాకి అడ్డం రాకూడదని పక్కకి జరిగి గోడకి ఆనుకున్నాడు. అక్కడికి కెమెరా చూపు చేరదనుకున్నాడు పాపం. కొత్త లెన్సు సంగతి అతనికి నేను చెప్పలేదు. చేతులు కట్టుకున్నాడు. పిక్క రుద్దుకున్నాడు. ఏడో నిమిషంలో ఆవులించాడు. తొమ్మిదో నిమిషంలో తల విదిలించుకున్నాడు.

పదకొండో నిమిషంలో రెండడుగులు వేసి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి తెల్లగా, ఐదు వేళ్లూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది. తొమ్మిదేళ్లలో రెప్ప అంత మంచి బొమ్మ ఎప్పుడూ తీయలేదు. ఆ చెయ్యి పిడి మీద నాలుగు సెకన్లు ఉంది. తర్వాత అతను తలెత్తి ఎర్రదీపం వైపు చూశాడు. తలుపుకి తను అంటించిన అట్ట వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు. గోడ దగ్గరికి తిరిగి వెళ్లి, దీపం ఎప్పుడు ఆరుతుందా అని చూస్తూ, మెల్లగా కూర్చున్నాడు. పిడి మీద అతని అరచేతి వెచ్చదనం ఇంకో అర నిమిషం మెరిసి ఆరిపోయింది.

అక్కడ ఆపేశాను. మిగతాది ఎవరికీ అవసరం లేదు.

రెడ్డెమ్మ కొంగు నోట్లోంచి తీసి, బయటికి రావాలనే అనుకున్నాడు కదా సార్ అంది. అనుకున్నాడమ్మా, మా పని చెడిపోతుందని ఆగాడు అన్నాను. తలుపు తీస్తే ఇరవై నిమిషాల పని పోతుంది, ఉద్యోగం పోతుంది. తీయకపోతే ప్రాణం పోతుందని అతనికి తెలియలేదు. ఆ గ్యాసు తెలియనివ్వదు. మీ మీద కోపం వల్ల కాదు, దేని వల్లా కాదు.

అక్కడితో ఆగిపోవచ్చు. ఆవిడ అడిగినదానికి జవాబు దొరికింది. మేడం కూడా నా వైపు అలాగే చూసింది. కానీ రెడ్డెమ్మ దారపు కొస దొరికితే వదిలే మనిషి కాదు, రోజంతా చేసే పని అదే.

"ఆయన మొదట్నుంచే లోపల ఉంటే, ఆ దీపం ఎవురు వేసినారు?"

"నేనే."

"చూసుకోలేదా?"

చూసుకున్నానమ్మా, స్టాండు మీద చెప్పుల్లేవు అన్నాను. ఎందుకు లేవో కూడా చెప్పాను. చెప్పు తెగడం, క్యాంటీను, నేనేసిన జోకులు, బల్ల కిందికి తన్నడం, మళ్లీ తెచ్చి పెట్టడం. ఏడు నెలల్లో నాలోపల ఎన్నోసార్లు చెప్పుకున్నదే. ప్రతిసారీ ఎక్కడో ఒక చోట నాకు నేను కొంచెం సాయం చేసుకునేవాణ్ణి. ఈసారి చేసుకోలేదు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నా కాళ్ల వైపు చూసింది. లేచి కొంగు సర్దుకుంది.

"ఇదంతా ఈడ చెప్తే ఏం లాభం సార్. మా షెడ్డు దగ్గరికొచ్చి చెప్పాల."

*

మేడం ఆ రోజే విచారణ మళ్లీ తెరవమని రాసింది. ఆక్సిజన్ మీటరు మీద తను పెట్టిన సంతకం గురించి మొదటి పేరాలోనే రాసింది, నా గురించి రెండో పేరాలో. విచారణ తేలేదాకా కెమెరా కదలకూడదు గనక, టెలిస్కోపు వాళ్లకి రెప్ప రావడం లేదని కబురు వెళ్లింది. డార్క్ ఫైలు నాలుగు కాపీలు తీసి కవర్లలో పెట్టి అంటించాం. ఆ తర్వాత నా ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియలేదు, అడగాలనీ అనిపించలేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళకి రెడ్డెమ్మ వీధికి వెళ్లాను. రీలింగు షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్లు, బయట బండ్ల మీద గూళ్లు దింపుతున్న మగవాళ్లు, దొరస్వామి అన్న, ఆ మాట అన్నవాళ్లు, వినీ ఊరుకున్నవాళ్లు. ఉడికిన గూళ్ల వాసన. మస్తాన్ కూడా వచ్చాడు. నా సైకిలు తెచ్చినారా సార్ అని మెల్లగా అడిగి, తనకే సిగ్గేసి వెనక్కి జరిగాడు. రెడ్డెమ్మ నన్ను మిషన్ల మధ్య ఒక ఎత్తుపీట దగ్గర నిలబెట్టింది. ఎవరో మిషన్లు ఆపారు.

జనం ముందు నిలబడితే నాకు మొదట జోకొస్తుంది. ఆ అలవాటు నలభై ఏళ్లది. ఆ రోజు కూడా ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

దొరస్వామి తలుపు తీసుకుని లోపలికి పోలేదని చెప్పాను. అప్పటికే లోపల ఉన్నాడని, పనిలో ఉన్నాడని చెప్పాను. బయటికి రావాలనే తలుపు మీద చెయ్యి వేశాడని, మా పని చెడకూడదని ఆ చెయ్యి తీసేశాడని చెప్పాను. బయట చెప్పులు లేకపోతే లోపల మనిషి లేడనుకోవడం మా పద్ధతి అని, ఆ రోజు అతని చెప్పులు నా కాళ్లకి ఉన్నాయని చెప్పాను. తర్వాత నేనే తెచ్చి అక్కడ పెట్టి, అడిగినవాళ్లకి సగమే చెప్పానని చెప్పాను. అక్కడికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడనంత సన్నబడింది. ముందు వరసలో ఒక ముసలామె మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటోంది.

 అయిపోయిందనుకుని పీట పక్క నుంచి జరగబోయాను.

రెడ్డెమ్మ షెడ్డు చివరిదాకా వెళ్లి, గుమ్మంలో నిలబడ్డ మగవాళ్ల మధ్య నిలబడి, అక్కణ్ణుంచి నా వైపు చూసింది.

"మళ్లీ చెప్పండి సార్. గట్టిగా. ఇక్కడోళ్లకి ఇనపడలేదు."

మొదట్నుంచి మొదలుపెట్టాను.